అరవైనాలుగు గళ్ల లెక్క

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ మనం ఒక సంఖ్యను గురించి చెప్పుకుందాం. ఒకే ఒక్క సంఖ్య. "లెక్కలా తల్లీ! బడి మానిన రోజే వాటికి దండం పెట్టేసినాం" అని రేడియో కట్టేయకండి. పాలవాడి లెక్క, చాకలి పద్దు, చీటీపాట లెక్క, పిల్లల ఫీజుల లెక్క అన్నీ మనమే కదా చూసుకుంటున్నాం! నేను కూడా పదో తరగతితో చదువు ముగించినదాన్నే. ఈ సంఖ్యను అర్థం చేసుకోవడానికి కూడికలు, రెట్టింపులు వస్తే చాలు. పక్కన ఒక కాగితం, పెన్సిలు ఉంటే ఇంకా మంచిది.

ఆ సంఖ్యను ఎడమ నుంచి చెబుతున్నాను, రాసుకోండి: 18446744073709551615. మొత్తం 20 అంకెలు. ఇంత పెద్ద సంఖ్యతో మనకేం పని అనుకోవచ్చు. పని ఉంది. ఈ సంఖ్యకు ఒక గుణం ఉంది. ఆ గుణం తెలియక మన వీధుల్లోనే ఎందరో ఆడవాళ్లు పోపుల డబ్బాలో దాచుకున్న సొమ్ము పోగొట్టుకున్నారు. అది ఎట్లాగో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు కథ. చదరంగం కనిపెట్టిన పండితుణ్ణి రాజుగారు మెచ్చుకుని ఏం కావాలో కోరుకోమన్నాడట. ఆయన వినయంగా, "మహారాజా, చదరంగం బల్ల మీద 64 గళ్లున్నాయి. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇట్లా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లకూ ఇప్పించండి, చాలు" అన్నాడట. రాజుగారు నవ్వి, "ఇంతేనా!" అన్నాడు. తరువాత కొట్లన్నీ ఖాళీ చేసినా ఆ కోరిక తీరలేదు. ఆ 64 గళ్ల గింజల మొత్తమే మనం రాసుకున్న సంఖ్య. ఈ కథను 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ అనే రచయిత రాసిపెట్టాడు. అంతకుముందే, 1000వ సంవత్సరం ప్రాంతంలో, అల్ బీరూనీ అనే గొప్ప పండితుడు ఈ లెక్కను పూర్తిగా కట్టి చూపించాడు. కథలో రాజు నిజమో కాదో గాని, లెక్క మాత్రం నిజం.

ఇంత పెద్ద సంఖ్యను నోటితో ఎట్లా చెప్పడం? మన కోట్ల లెక్కలో 1,84,467 కోటి కోట్లు, ఆపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615. కోటి కోట్లంటే ఒకటి పక్కన 14 సున్నలు. మన పెద్దలు కోటితోనే ఆగిపోలేదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో 'గణిత సార సంగ్రహం' రాశాడు. అందులో అంకెల స్థానాలకు 24 పేర్లు చెప్పాడు. ఒకట్లు, పదులు, వందలతో మొదలై లక్ష, కోటి దాటి అర్బుదం, ఖర్వం, పద్మం, క్షోణి, శంఖం అంటూ మహాక్షోభం దాకా వెళతాయి. వాటిలో ఇరవయ్యో స్థానం పేరు మహాశంఖం. మన సంఖ్యలో అన్నింటికంటే ఎడమ పక్కనున్న 1 కూర్చున్నది ఆ మహాశంఖ స్థానంలోనే.

ఆ మహావీరుని గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. రాజరాజ నరేంద్రుని కాలంవాడని కొందరు, ఆ తరువాతి తరంవాడని కొందరు అంటారు. ఎట్లా చూసినా 11, 12 శతాబ్దాల వాడు. ఆయన 'సార సంగ్రహ గణితము' తెలుగులో మొదటి గణిత గ్రంథంగా పేరుపొందింది. పుస్తకమంతా పద్యాల్లోనే! మూలంలోని జైన మత ప్రస్తావనలు తీసేసి, తాను శైవుడు కనుక శివుణ్ణి తెచ్చి పెట్టుకున్నాడు. నన్నయగారు భారతం తెలుగు చేసిన ఆ కాలానికి కాస్త అటూ ఇటుగానే లెక్కలు కూడా తెలుగులోకి వచ్చాయన్నమాట. మనం ఆదికవిని తలచుకుంటాం గాని, ఈ లెక్కల కవిని తలచుకునేవాళ్లు తక్కువ.

చదరంగపు గళ్ల లెక్క గురించి మల్లన పేరున ఒక పద్యం ప్రసిద్ధంగా ఉంది. నాలుగు పాదాల పద్యంలో ఈ 20 అంకెలూ ఒక్కటి కూడా తప్పకుండా ఇమిడాయి. ఎట్లాగంటారా? పద్యంలో అంకెల పేర్లకు బదులు వస్తువుల పేర్లు వాడతారు. చంద్రుడు ఒక్కడే గనుక చంద్రుడంటే 1. కళ్లు అంటే 2. అగ్నులు మూడు గనుక అగ్ని అంటే 3. వేదం అన్నా, సముద్రం అన్నా 4. మన్మథుని బాణాలు ఐదు గనుక బాణం అంటే 5. ఋతువులు 6, కొండలు 7, దిక్కుల ఏనుగులు 8. శరీరానికి నవ రంధ్రాలు గనుక రంధ్రం అంటే 9. ఆకాశం శూన్యం గనుక 0. దీన్ని భూతసంఖ్య అంటారు. పద్యంలో ఒకట్ల స్థానం ముందు వస్తుంది, ఎడమ పక్క అంకె చివర వస్తుంది. అంటే మనం రాసే పద్ధతికి తలకిందులు.

ఈ పద్ధతిలో ఒక తెలివి ఉంది. తాటాకు మీద 20 అంకెలు రాస్తే, ఎత్తి రాసేవాడు ఒక అంకె జారవిడిచినా ఎవరికీ తెలియదు. పద్యంలో ఒక మాట పోతే గణం కుంటుతుంది, చదివేవాడి చెవికి వెంటనే దొరికిపోతుంది. ఒకే అంకెకు నాలుగైదు పేర్లు ఉండటం వల్ల కవికి యతి, ప్రాస కుదుర్చుకునే వీలూ ఉంటుంది. ఇంట్లో పిల్లల సెల్ ఫోనులో ఈ లెక్క కట్టి చూడండి. చాలా ఫోన్లలో మొదటి కొన్ని అంకెలే చూపించి, తక్కినవి మింగేస్తుంది. మన మల్లన పద్యం ఒక్క అంకెనూ మింగలేదు.

సరే, ఇది ఎంత పెద్దదో మన బియ్యం డబ్బా దగ్గర చూద్దాం. కె.సి. కాలువ కింద పండిన సోనా బియ్యమే అనుకోండి. గింజ చిన్నదైతే గ్రాముకు ఎక్కువ, పెద్దదైతే తక్కువ వస్తాయి. లెక్క సులువుగా ఉండటానికి గ్రాముకు 50 గింజలు అనుకుందాం. మన ఇళ్లలో కడప బండలో, బేతంచెర్ల రాళ్లో పరిచి ఉంటాయి కదా, ఆ నేల మీదే సుద్దముక్కతో ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది గళ్లు గీయండి.

మొదటి వరస పూర్తయ్యేసరికి అయ్యేవి 255 గింజలు. 5 గ్రాములు, ఒక చెంచాడు. రెండో వరస అయ్యేసరికి 65,535 గింజలు. కిలో 300 గ్రాములు, ఒక పూట పదిమందికి అన్నం. మూడో వరసకు మొత్తం 335 కిలోలు. ఇక్కడికి ఇంట్లో బియ్యం అయిపోయి అంగడికి పరుగెత్తాలి. నాలుగో వరసకు, అంటే సగం బల్లకు, 86 టన్నులు. పది టన్నుల లారీలు తొమ్మిది కావాలి. రాజుగారు ఇక్కడిదాకా ధైర్యంగానే ఉండి ఉంటాడు. సగం బల్ల అయిపోయింది, ఇంకా సగమే కదా అనుకుని ఉంటాడు. మోసమంతా ఆ "ఇంకా సగమే"లోనే ఉంది.

ఐదో వరసకు 22 వేల టన్నులు. ఆరో వరసకు 56 లక్షల టన్నులు. ఏడో వరసకు 144 కోట్ల టన్నులు. ఎనిమిదో వరసతో కలిపి దాదాపు 36,900 కోట్ల టన్నులు. ఈ కాలంలో ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే దేశదేశాల రైతులందరూ ఒక్క గింజ తినకుండా సుమారు 700 ఏళ్లు పండించి తెచ్చిపోస్తే ఆ పండితుడి కోరిక తీరుతుంది! ఒక్కో గింజను సెకనుకు ఒకటి చొప్పున లెక్కపెట్టడానికే 58 వేల కోట్ల సంవత్సరాలు పైగా పడుతుంది. విశ్వం పుట్టి ఇప్పటికి సుమారు 1,380 కోట్ల ఏళ్లే అయిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఇప్పుడు అసలు గుట్టు చెబుతాను, జాగ్రత్తగా వినండి. మూడు గళ్లలో గింజలు 1, 2, 4. కూడితే 7. నాలుగో గడిలో ఎన్ని? 8. నాలుగు గళ్లు కూడితే 15. ఐదో గడిలో 16. ఐదు కూడితే 31. ఆరో గడిలో 32. చూశారా! ఏ గడి తీసుకున్నా, అంతకు ముందున్న గళ్లన్నింటి మొత్తం కంటే ఆ ఒక్క గడిలోనే ఒక గింజ ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే, మొదటి గడి పక్కన ఇంకొక్క గింజ అరువు తెచ్చి పెట్టండి. ఆ రెండూ కలిస్తే రెండో గడితో సమానం. ఆ రెండు, ఈ రెండు కలిస్తే మూడో గడితో సమానం. ఇట్లా ఎక్కుతూ పోతే, అరువు గింజతో కలిపి అన్ని గళ్లూ తరువాతి గడితో సరిసమానం అవుతాయి. అరువు గింజ తిరిగి ఇచ్చేస్తే ఒకటి తక్కువ.

అందువల్ల 64 గళ్లు కూడాల్సిన అవసరమే లేదు. లేని 65వ గడిలో ఎన్ని ఉండాలో కనుక్కుని, ఒకటి తీసేస్తే చాలు. దానికీ ఒక దగ్గర దారి ఉంది. రెండు రెళ్లు 4. నాలుగు నాలుగులు 16. పదహారు పదహార్లు 256. 256ను 256తో గుణిస్తే 65,536. దాన్ని దానితోనే గుణిస్తే 429,49,67,296. దాన్నీ దానితోనే గుణిస్తే మన సంఖ్య కంటే ఒకటి ఎక్కువ వస్తుంది. ఆరే ఆరు గుణకారాలు! ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు, గురువు లఘువుల అమరికలు ఎన్ని రకాలో లెక్కించడానికి ఇట్లాంటి ఉపాయాన్నే ఎప్పుడో చెప్పాడు.

ఈ సంఖ్య ఏ జాతిదో కూడా చూద్దాం. మనుషులకు ఉన్నట్టే సంఖ్యలకూ జాతులు, గుణాలు ఉన్నాయి. చివరి అంకె 5 కనుక ఇది బేసి సంఖ్య, ఐదుతో తెగుతుంది. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది. 87 మూడుతో తెగుతుంది గనుక మన సంఖ్య కూడా మూడుతో తెగుతుంది. 87 తొమ్మిదితో తెగదు గనుక ఇదీ తొమ్మిదితో తెగదు. తనతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ తెగని సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. తెగేదాన్ని సంయుక్త సంఖ్య అంటారు. కాబట్టి ఇది సంయుక్త సంఖ్య.

దీన్ని పూర్తిగా విడదీయడానికి ఒక చక్కని కిటుకు ఉంది. 16ను 16తో గుణిస్తే 256. అందులో ఒకటి తీస్తే 255. అది 16 కంటే ఒకటి తక్కువైన 15ను, ఒకటి ఎక్కువైన 17తో గుణించినదే. ఏ సంఖ్యకైనా ఇంతే. 15ను మళ్లీ అట్లాగే 3, 5గా విడదీయవచ్చు. ఇట్లా పైనుంచి విరుచుకుంటూ వస్తే మన పెద్ద సంఖ్య 3, 5, 17, 257, 65,537, 429,49,67,297 అనే ఆరు సంఖ్యల గుణకారంగా తేలుతుంది.

ఈ ఆరింటికీ ఒక కథ ఉంది. 1640లో ఫెర్మా అనే ఫ్రెంచి న్యాయాధికారి, ఈ వరసలో వచ్చే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోదాన్ని మాత్రం 1732లో ఆయిలర్ అనే గణితవేత్త విరిచి చూపించాడు. అది 641, 67,00,417 అనే రెండు సంఖ్యల గుణకారం. అంటే మన సంఖ్య కుటుంబంలో ఏడుగురు ప్రధానులు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏ ఒక్కరూ రెండుసార్లు రారు. ఈ ఏడింటిని రకరకాలుగా కలిపితే మన సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 128 వస్తాయి.

పరిపూర్ణ సంఖ్య అని ఇంకొక జాతి ఉంది. 6ను భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. కూడితే మళ్లీ 6. రాబడీ ఖర్చూ సరిపోయిన సంసారంలాంటిది. మన పెద్ద సంఖ్య అట్లాంటిది కాదు. దాన్ని భాగించే చిన్న సంఖ్యలన్నీ కూడినా రూపాయికి డెబ్బై పైసల వంతే వస్తుంది. అంత పెద్ద పొట్ట ఉండి కూడా ఇది లోటు సంసారమే! ఇట్లాంటివాటిని న్యూన సంఖ్యలు అంటారు.

మరి ముగ్గు వేయడానికి పనికివస్తుందా? ఒక చుక్క, కింద రెండు, ఆ కింద మూడు, ఇట్లా త్రికోణంగా పెట్టుకుంటూ వస్తే 1, 3, 6, 10, 15 చుక్కలు అవుతాయి. వీటిని త్రికోణ సంఖ్యలు అంటారు. చదరంగం బల్ల మీద ఏయే గడి దగ్గర ఆగితే అప్పటిదాకా పోసిన గింజలతో నిండు త్రికోణం వస్తుంది? మొదటి గడి దగ్గర ఒక గింజ, రెండో గడి దగ్గర 3, నాలుగో గడి దగ్గర 15. ఆపైన పన్నెండో గడి దగ్గర 4,095 గింజలు వస్తాయి. వాటితో 90 వరసల త్రికోణం సరిగ్గా కుదురుతుంది. తరువాత? ఇక ఎప్పటికీ కుదరదు. 64 గళ్లు కాదు, ఆరు వందల గళ్లు గీసినా కుదరదు. ఈ ప్రశ్నను వేరే రూపంలో మన శ్రీనివాస రామానుజన్ 1913లో భారత గణిత సంఘం పత్రికలో వేశాడు. ఇంకొక జవాబు లేదని 1948లో నార్వే దేశపు గణితవేత్త నాగెల్ రుజువు చేశాడు. చుక్కల ముగ్గులాంటి ప్రశ్నకు జవాబు రుజువు కావడానికి 35 ఏళ్లు పట్టిందంటే చూడండి.

ఈ సంఖ్య పుస్తకాల్లోనే లేదు, మన చేతిలో కూడా ఉంది. ఈ కాలపు కంప్యూటర్లు, సెల్ ఫోన్లు చాలావరకు 64 అరల లెక్క మీద నడుస్తాయి. ఒక్కో అర ఒక దీపం అనుకోండి. వెలిగితే 1, ఆరిపోతే 0. దీపాలు గళ్ల మాదిరిగానే ఒకదానికొకటి రెట్టింపు విలువ చేస్తాయి. 64 దీపాలూ వెలిగితే వచ్చే విలువ సరిగ్గా మన సంఖ్యే. ఆ 64 అరల్లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దానికి ఇంకొకటి కలిపితే, పాత స్కూటరు మీటరులో తొమ్మిదులన్నీ తిరిగి సున్నలైనట్టు, అన్ని దీపాలూ ఒక్కసారిగా ఆరిపోతాయి.

ఇక మన డబ్బు దగ్గరికి వద్దాం. మధ్యాహ్నం పూట తెలిసినామె ఒకామె వస్తుంది. "అక్కా, నువ్వు 5 వేలు కట్టి ఇద్దరిని చేర్పిస్తే చాలు. వాళ్లు ఒక్కొక్కరు ఇద్దరిని చేరుస్తారు. నీ కింద రెండు వరసలు నిండితే నీ డబ్బు వడ్డీతో సహా నీకు వస్తుంది. ఇద్దరే కదా, మీ చెల్లెలు, మీ వదిన చాలరా?" అంటుంది. ఇద్దరే కదా! పండితుడు కూడా రెండో గడికి రెండే గింజలు అడిగాడు. గొలుసు స్కీము అంటే చదరంగం బల్లే. గింజల బదులు గడిలో మనుషులు ఉంటారు.

మొదటామె ఒకతి, రెండో వరసలో ఇద్దరు, మూడో వరసలో నలుగురు. పది వరసలకు 1,023 మంది. 19 వరసలకు 5,24,287 మంది. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు నగరం మొత్తం జనం ఐదు లక్షల లోపే. అంటే పసిపిల్లలను, ముసలివాళ్లను కూడా చేర్చినా పందొమ్మిదో వరస నిండదు. 33 వరసలకు 858 కోట్ల మంది పైన కావాలి. భూమి మీద అంతమంది లేరు. కనుక ఈ గొలుసు ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. నడిపేవాడు మంచివాడా చెడ్డవాడా అన్నది కూడా ఇక్కడ ప్రశ్న కాదు. ఎంత మంచివాడైనా లేని మనుషులను తేలేడు.

తెగినప్పుడు నష్టం ఎవరికి? ఇక్కడే ఆ గుట్టు గుర్తుకు తెచ్చుకోండి. చివరి గడిలో, ముందున్న గళ్లన్నింటికంటే ఒకటి ఎక్కువ. అంటే గొలుసు ఏ రోజు తెగినా, చేరినవాళ్లలో సగానికి పైన చివరి వరసలోనే ఉంటారు. వాళ్ల కింద ఒక్కరూ ఉండరు. పై వరసవాళ్ల కింద ఒకే వరస ఉంటుంది, రెండో వరస ఉండదు. రెండు వరసలు నిండితేనే డబ్బు వస్తుందన్న స్కీములో ఆ ఇద్దరు వరసలవాళ్లూ మునిగినట్టే. కలిపి చూస్తే నూటికి 75 మంది. అది పదో వరస దగ్గర తెగినా అంతే, ఇరవయ్యో వరస దగ్గర తెగినా అంతే. ఎక్కువ రోజులు నడిస్తే నష్టపోయేవాళ్లు తగ్గరు, పెరుగుతారు. "ఫలానా ఆమెకు నా కళ్లముందే డబ్బు వచ్చింది" అంటారు. నిజమే, వచ్చి ఉంటుంది. ఆమె పై గడిలో ఉంది. ఆమెకు వచ్చినది కింది గడిలో ఉన్న మనదే.

డబ్బు ఒక్కటే కాదమ్మా పోయేది. మనం చేర్చిన ఇద్దరూ మన చెల్లెలు, మన వదిన. రేపు వాళ్ల డబ్బు పోతే వాళ్లు పెద్ద ఊళ్లో ఉన్న కంపెనీవాణ్ణి అడగరు, మన గడప తొక్కుతారు. పండక్కి పుట్టింటికి పోవాలంటే ముఖం చెల్లదు. ఇట్లాంటి స్కీములను 1978లోనే ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం కింద నిషేధించారు. నడపడమే కాదు, అందులో సభ్యులుగా చేరడం కూడా ఆ చట్టం ప్రకారం నేరమే. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు కూడా పిరమిడ్ పద్ధతి పథకాలను నిషేధించాయి. అయినా పేరు మార్చుకుని, ఒకసారి సబ్బులని, ఒకసారి మందులని, ఒకసారి సెల్ ఫోనులో యాప్ అని వస్తూనే ఉంటాయి. పేరు ఏదైనా బల్ల అదే, గళ్లు అవే.

మరి మనం వేసుకునే చీటీ కూడా ఇంతేనా అని అడగవచ్చు. కాదు. చీటీలో 20 మంది ఉంటే మొదటి నెలా 20 మందే, చివరి నెలా 20 మందే. ఆ ఇరవైమంది డబ్బే వాళ్లలో తిరుగుతుంది. ఇరవైఒకటో మనిషి కోసం వెతకాల్సిన పని లేదు. చీటీలో ఎవరైనా ఎగ్గొడితే నష్టం వస్తుంది గనుక, రిజిస్టరైనదా కాదా చూసుకోవాలి. చీటీలకు 1982 నాటి చట్టం ఉంది. కాని లెక్క ప్రకారం చీటీ నిలబడగలదు, గొలుసు నిలబడలేదు. తేడా అంతా రెట్టింపులో ఉంది.

రెట్టింపు ఇంకొక దారిలో కూడా ఇంట్లోకి వస్తుంది. అది చక్రవడ్డీ. మనది వానను నమ్ముకున్న సీమ. వాన తప్పితే అప్పు తప్పదు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగానే వినిపిస్తుంది. వడ్డీ కట్టలేక అసలులో కలుపుతూ పోతే ఆ అప్పు రెండేళ్లకు రెట్టింపవుతుంది. నూటికి రెండు రూపాయలైతే మూడేళ్లకు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 20 వేలు రెండేళ్లకు 40 వేలు, నాలుగేళ్లకు 80 వేలు, ఆరేళ్లకు 1,60,000, ఎనిమిదేళ్లకు 3,20,000, పదేళ్లకు 6,40,000 దాటుతుంది. ఇక్కడ కూడా అదే గుణం చూడండి. చివరి రెండేళ్లలో పెరిగిన అప్పు, మొదటి ఎనిమిదేళ్లు మోసిన అప్పు మొత్తంతో సమానం. అందుకే అప్పు చిన్న గడిలో ఉన్నప్పుడే గాజులు కుదువబెట్టి అయినా తీర్చేయాలని మన అవ్వలు పోరేవాళ్లు. వాళ్లకు ఈ 20 అంకెలు తెలియవు గాని, వాటి గుణం తెలుసు. మంచి వైపు కూడా ఇది పని చేస్తుంది. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసిన డబ్బుకు వచ్చిన వడ్డీని తీయకుండా ఉంచితే, అక్కడ గడి నింపేది మన కోసమే. కాకపోతే అక్కడ రెట్టింపు కావడానికి పదేళ్ల దాకా పడుతుంది. రెండేళ్లలో రెట్టింపు చేస్తామని ఎవరైనా అంటే, అనుమానించవలసింది అక్కడే.

కనుక ఎవరైనా ఏదైనా స్కీముతో మీ గుమ్మంలోకి వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, నా డబ్బు మీద లాభం ఏ పని వల్ల వస్తుంది? రెండు, కొత్తవాళ్లు ఒక్కరు కూడా చేరకపోతే నా డబ్బు నాకు వస్తుందా? మూడు, ఇప్పుడు నేను ఎన్నో వరసలో ఉన్నాను, నా కింద వరస నిండాలంటే ఎంతమంది కావాలి? మూడో ప్రశ్నకు వాళ్లు జవాబు చెప్పకపోతే మీరే కాగితం మీద ఒకటి, రెండు, నాలుగు అని రాస్తూ పోండి. పదో గడి దాటేలోగా వచ్చినామె సంచి సర్దుకుంటుంది.

పిల్లలకు సెలవు ఉన్న రోజు, నేల మీద సుద్దముక్కతో 64 గళ్లు గీసి గింజలు పెట్టమని చెప్పండి. రెండో వరస దాకా వాళ్లే పెట్టగలరు. ఎందుకు ఆగిపోవలసి వచ్చిందో వాళ్లనే చెప్పమనండి. వెయ్యేళ్ల కిందట మన తెలుగువాడు ఈ లెక్కను పద్యంలో కట్టిపెట్టింది పండితులు తల ఊపడానికి మాత్రమే కాదు, మన చేతిలోని గింజలు జాగ్రత్త చేసుకోవడానికి కూడా పనికివస్తుంది.